ఒక్కదాని పేరు మీద

గంగారం దగ్గరి తండా నుంచి పొద్దున్నే బయలుదేరిన మోటార్ సైకిల్ కొత్తగూడ దాటేసరికి ఎండ చుర్రుమంటోంది. బండి నడుపుతున్నది హీర్యా. వెనక కూర్చున్నది అతని తమ్ముడి కూతురు పూజ. మొన్న శుక్రవారంతో పూజకు పద్దెనిమిదేళ్లు నిండాయి. నిండాయని పదో తరగతి మెమో చెబుతోంది. తల్లి లచ్చికి మాత్రం మొక్కజొన్న కోతలే గుర్తు, "మక్కలు ఇరిసేటప్పుడు పుట్టినవ్, తారీఖు ఎవలకెరుక" అంటుంది. ఎవరేమన్నా బ్యాంకుకు మెమోనే ఆధారం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటి మూడు వారాలైంది. రోడ్డు మీద అక్కడక్కడా టైర్లు కాల్చిన నల్లటి మచ్చలు. గూడూరులో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకతను గరిటెతోనే చెయ్యెత్తి బండి ఆపాడు.

"ఎటు పోతున్నరే?"

"మానుకోటకు అన్నా. బ్యాంకుల పిల్ల పనున్నది."

మహబూబాబాద్‌ను ఆ చుట్టుపక్కల అందరూ మానుకోట అనే అంటారు. అతను పూజ ముఖం చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు.

ఊరు దాటాక హీర్యా గాలికి వినబడేలా గొంతు పెంచాడు. "ఏ అకౌంట్ కావాల్నని అడుగుతరు. జాయింట్ అని చెప్పాలె. నీ పేరు, నా పేరు. ఇద్దరిల ఎవలైనా తియ్యొచ్చని రాయిపియ్యాలె. యాదికుంటదా?"

"ఉంటది పెద్దబాపు."

ఈ మాట అతను దారిలో అడగడం ఇది మూడోసారి. 'ఇద్దరిలో ఎవరైనా' అనే ముక్క అతనికి నేర్పింది ట్రాక్టర్ బేరం కుదిర్చిన మనిషి. పాత ట్రాక్టరే, కానీ ఇంజను మంచిది. దసరాకు ముందే హీర్యా దానికి బయానా ఇచ్చి వచ్చాడు. మిగతాది పూజ ఖాతాలోంచి రావాలి.

ఆ డబ్బు పూజ తండ్రి జాల్యా ప్రాణానికి వచ్చింది. ఐదేళ్ల కింద చెల్పూర్‌లో కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు జాల్యా కూలికి పోయాడు. ఒక సాయంత్రం పని దిగి గుడిసెకు నడిచి వస్తుంటే లారీ గుద్దింది. కోర్టులో కేసు నడిచింది. నడిపింది హీర్యానే. తారీఖు తారీఖుకూ వరంగల్ పోయాడు, వకీలు ఇంటి ముందు పడిగాపులు కాశాడు, బండికి కట్టే ఎద్దును కూడా అమ్మాడు. చివరికి జడ్జి తల్లికింత, బిడ్డకింత అని తీర్పు చెప్పి, బిడ్డ వాటాను పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులో కదలకుండా వేయించాడు. తల్లి వాటా హీర్యా చెలకలో బోరు అయింది, ఇంటి మీద రేకులు అయింది. ఆ బోరు నీళ్లతో పండిన గింజలు లచ్చి ఇంట్లోకీ వచ్చాయి. దాన్ని మోసమని తండాలో ఎవరూ అనలేదు. లచ్చి కూడా అనలేదు.

పూజ మాత్రం ఇంటర్ పాసై, జనగామలో నర్సింగ్ స్కూల్లో సీటు తెచ్చుకుంది. శనివారంలోపు ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ మాట చెప్పిన రోజు హీర్యా కోప్పడలేదు. నవ్వి, "వచ్చే యేడు సదువుదువు తియ్యి. ముందుగాల ట్రాక్టర్ రానీ. అది తిరిగితే నీ సదువు దానంతట అదే ఎల్తది" అన్నాడు. అంత ప్రేమగా అన్నాక కాదనడం పూజ వల్ల కాలేదు.

పొద్దున జడ వేస్తూ తల్లి ఒక మాట అంది. ఇంట్లో మాట్లాడే లంబాడీలోనే, గోడ అవతలికి వినబడకుండా అంది. "కోర్టుల నాతోని వేలిముద్రలు ఏపిచ్చిండ్రు. ఎన్ని కాయితాలో, ఏం రాసిండ్రో నాకెరుక లేదు. నీకు సదువొచ్చు. సదివి పెట్టు బిడ్డా." తర్వాత రిబ్బను గట్టిగా ముడేసి లేచిపోయింది. యాడి అని తను పిలిచే తల్లి అంతకంటే ఎక్కువ చెప్పి ఉంటే బాగుండేదని పూజ దారంతా అనుకుంది. ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యకు అని ఒక్క ముక్క చెబితే దాన్ని పట్టుకునేది.

బ్యాంకు ముందు ఇనుప గేటు సగమే తీసి ఉంది. లోపల జనం పల్చగా ఉన్నారు. బెంచీ మీద పాసుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. పేరు అండాలు అని కాసేపట్లో కౌంటర్ లోంచి పిలిచినప్పుడు తెలిసింది. కొత్త ఖాతాలు చూసే టేబుల్ దగ్గర నలభై దాటిన ఆఫీసరు ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"రండి, కూర్చోండి. ఏం కావాలండీ?"

ఆ 'అండీ' వినగానే హీర్యా నిటారుగా అయ్యాడు. కోస్తా మనిషి. మెడలో వేలాడుతున్న సంచిలోంచి కాగితాలు తీసి టేబుల్ మీద పరిచాడు. "పిల్ల పైసలు సారు. గిది కోర్టు ఆర్డర్, గిది బ్యాంకోళ్లిచ్చిన రసీదు. గియ్యన్ని జూడుండ్రి."

"గియ్యన్నీ చూస్తాను, చూస్తాను" అంటూ ఆఫీసరు చిన్నగా నవ్వాడు. వెక్కిరింతేం కాదు, అలవాటు కొద్దీ వచ్చిన నవ్వు కావచ్చు. కానీ హీర్యా చెవులు ఎర్రబడటం పూజ చూసింది. ఇలాంటి నవ్వు పూజకూ తెలుసు. సినిమాల్లో పనివాళ్లకూ రౌడీలకూ ఈ యాస పెట్టినప్పుడు హాల్లో వినబడే నవ్వే అది.

ఆఫీసరు కాగితాలు ఒక్కొక్కటీ చదివాడు, మెమో మీద తేదీ వేలితో చూసుకున్నాడు. "అయితే మేజర్ అయ్యావన్నమాట. ఈ డిపాజిట్టు నీ సేవింగ్స్ ఖాతాలోకి మారుస్తాం. ముందు ఖాతా తెరవాలి. ఒక్కదాని పేరు మీదా, ఇద్దరి పేరు మీదా?"

"ఇద్దరి పేరు మీద. ఎవలైనా తీసుకునేటట్టు" అన్నాడు హీర్యా.

"మిమ్మల్ని కాదండీ, అమ్మాయిని అడుగుతున్నాను."

"నేను దాని పెద్దబాపును."

"కావచ్చండీ. ఇన్నాళ్లూ మీరు చూసుకున్నారు. ఇప్పుడు ఖాతాదారు ఆవిడ. ఒక్క ఐదు నిమిషాలు ఆ బెంచీ మీద కూర్చుంటారా? అమ్మాయికి వివరం చెప్పి పంపిస్తాను."

హీర్యా లేవలేదు. ఆఫీసరూ తల దించలేదు. వెనక కుర్చీలో గుమాస్తా పని ఆపి ఇటే చూస్తున్నాడు. చివరికి హీర్యా కాగితాలన్నీ పోగుచేసి సంచిలో వేసుకుని, సంచితో సహా వెళ్లి అండాలు పక్కన కూర్చున్నాడు.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఒక్కదాని పేరు మీదైతే నీ సంతకం లేకుండా రూపాయి కదలదు. 'ఇద్దరిలో ఎవరైనా' అంటే ఆయన ఒక్కరే వచ్చి మొత్తం తీసుకోవచ్చు, నిన్ను అడగక్కర్లేదు. 'ఇద్దరూ కలిసి' అంటే రెండు సంతకాలూ కావాలి. ఆయన లేకుండా నువ్వూ తీసుకోలేవు. వీటిలో తప్పు ఏదీ లేదు. కానీ ఏది కావాలో నువ్వే చెప్పాలి."

పూజ ఫారం చూసింది. మూడు చిన్న గళ్లు. ఇద్దరూ కలిసి అనేది మంచి దారిలా కనబడింది. పెద్దబాపు ముఖం చిన్నబోదు, డబ్బు తనకు తెలియకుండా పోదు. కానీ శనివారం ఫీజుకు ఆయన సంతకం పెడతాడా? ట్రాక్టర్‌కు నువ్వు పెట్టు, ఫీజుకు నేను పెడతా అంటే అప్పుడేం చెయ్యాలి? వీపు మీద ఆయన చూపు తగులుతూనే ఉంది. ఈ పూట గడిస్తే చాలు, వచ్చే యేడు చూసుకోవచ్చు అనిపించింది.

"సార్, జా..." అంది.

ఆ మాట పూర్తి కాలేదు. బయట ఒక్కసారిగా "జై తెలంగాణ" అని కేక లేచింది. ఇనుప గేటు గలగలా వెనక్కి పోయింది. ఇరవై మందికి పైగా లోపలికి వచ్చారు. మెడలో కండువాలు, చెమట పట్టిన ముఖాలు. ముందున్న కుర్రాడిని వెనకవాళ్లు చిరంజీవన్నా అని పిలుస్తున్నారు. డిగ్రీ చదివే వయసు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"బ్యాంకు బంద్ చెయ్యాలె సార్. ఊరంత బంద్ ఉంటే మీరెట్ల నడుపుతరు?"

గుమాస్తా అప్పటికే డబ్బు పెట్టె మూస్తున్నాడు. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "మూసేస్తామండీ. ఒక్క పావుగంట ఇవ్వండి. ఈ అమ్మాయి పని సగంలో ఉంది. గంగారం నుంచి వచ్చింది."

చిరంజీవి పూజ వైపు చూసి ఏదో అనబోయాడు. అంతలో బెంచీ మీది నుంచి హీర్యా లేచాడు.

"అన్నా, నా మాట ఇనుండ్రి. ఈ సారు ఆంధ్రోడు. నేను మాట్లాడితే నవ్విండు. నన్ను లేపి బెంచీ మీద కూసోపెట్టి, మా పిల్ల చెవుల నా మీద చాడీలు చెప్తుండు. మా ఇంట్ల చిచ్చు పెడుతుండు."

నవ్వాడన్నది నిజమే. ఆ ఒక్క నిజం మిగతా అంతటినీ మోసింది. గుంపు ఒక్కసారిగా టేబుల్ మీదికి వచ్చింది. ఎవరో చొక్కా పట్టుకున్నారు, గుండీ తెగి ఎగిరింది. "మా గడ్డ మీద కూసోని మాకే నవ్వుతావురా?" స్టాంపు ప్యాడు కిందపడి నేలంతా ఊదా రంగు చిమ్మింది. వెనక నుంచి గాజు పగిలిన చప్పుడు. ఆఫీసరు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుపోయాడు. "నేనేం అనలేదండీ, నేనేం అనలేదు" అంటున్నాడు. ఆ 'అండీ' వినబడినప్పుడల్లా గుంపుకు ఇంకా మండుతోంది.

పూజ కుర్చీకి అతుక్కుపోయింది. నిజం చెబితే పెద్దబాపు అబద్ధాలకోరవుతాడు. ఈ గుంపు అటు తిరిగితే? ఊరుకుంటే ఈయన తల పగులుతుంది. ఒక చెయ్యి పైకి లేవడం, దానిలో పేపర్ వెయిట్ ఉండటం కనబడింది.

"ఆయనది తప్పు లేదు!"

తన గొంతు అంత పెద్దదని పూజకు అప్పటిదాకా తెలియదు. లేచి, టేబుల్‌కూ గుంపుకూ మధ్య నిలబడింది.

"నేనే అడిగిన. పెద్దబాపును జర పక్కకు కూసోపెట్టుమని నేనే అడిగిన."

చిరంజీవి చెయ్యెత్తి వెనకవాళ్లను ఆపాడు. పేపర్ వెయిట్ పట్టుకున్న అతని మణికట్టు పట్టుకుని కిందికి దించాడు. "భయపడకు చెల్లె. ఎందుకడిగినవ్?"

పూజ హీర్యా వైపు చూడకుండా చెబుదామనుకుంది. చూడకుండా చెప్పడం కుదరలేదు. అతను సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడ్డాడు.

"నా అకౌంట్ నా ఒక్కదాని పేరు మీద కావాలె. పెద్దబాపు ముంగట చెప్పనీకె నోరు రాలే. అందుకే అడిగిన."

హీర్యా ముఖంలో కోపం లేదు. ఎవరో నడిరోడ్డు మీద తలపాగా లాగేసినట్టు ఉంది.

మొదట కదిలింది అండాలు. "పిల్ల నోరు తెరిసి చెప్పింది గదా బిడ్డా. పాపం, ఆ సారును ఇడిసిపెట్టుండ్రి. నా పెన్షన్ గూడ ఇంక రాకపాయె."

గుంపులో ఒకరిద్దరు నవ్వారు. బిగుసుకున్న గాలి కాస్త సడలింది. చిరంజీవి కింద పడ్డ పెన్ను తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆఫీసరు ముఖంలోకి సూటిగా చూసి, "మా మాటకు నవ్వకుండ్రి సార్, మస్తు నొస్తది" అన్నాడు. తర్వాత అందరితో, "పావుగంట. ఈ చెల్లెది, ఈ అవ్వది పని అయినంక షట్టర్ దించుదం. బయటికి నడువుండ్రి" అన్నాడు.

వాళ్లతో పాటు హీర్యా కూడా బయటికి నడిచాడు. సంచి అతని మెడలోనే ఉంది.

"అమ్మా, ఆ కాగితాలు లేకపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు ఆఫీసరు.

పూజ పరుగెత్తింది. హీర్యా అప్పటికే బండి స్టాండు తీశాడు.

"పెద్దబాపు, కాయితాలు."

"చెల్పూర్ నుంచి నీ బాపు పీనుగును ఒళ్లె పెట్టుకోని తెచ్చింది నేను."

"ఎరుకే పెద్దబాపు."

"కోర్టు సుట్టు తిరిగింది నేను. ఎద్దును అమ్ముకున్నది నేను. గింతమంది ముంగట నన్ను దొంగను చేసినవ్."

"దొంగవని నేననలే. ఎన్నడు అనను." కన్నీళ్లు వచ్చేశాయి, కానీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "కాయితాలు ఇయ్యి. పావుగంటే ఉన్నది."

అతను చాలాసేపు హ్యాండిల్ వైపే చూశాడు. షట్టర్ దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు ఇటే చూస్తున్నారు. చిరంజీవి ఒక అడుగు ముందుకు వేసి, మళ్లీ ఏమనుకున్నాడో ఆగిపోయాడు. హీర్యా సంచి తీసి ఆమె చేతికివ్వలేదు. బండి సీటు మీద పెట్టి ముఖం తిప్పుకున్నాడు. పూజ అందుకోగానే కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

లోపల ఆఫీసరు స్టాంపులు వేశాడు. గుండీ పోయిన చోట చొక్కాకు గుండుసూది గుచ్చుకున్నాడు. "నామినీ ఎవరమ్మా?"

"ఆంగోతు లచ్చి. మా యాడి... మా అమ్మ."

సంతకాల చోట్లు చూపిస్తూ అతను మెల్లగా అన్నాడు. "నువ్వు నన్ను అడగలేదు కదమ్మా, ఆయన్ని పక్కన కూర్చోబెట్టమని."

"అడుగుదామనుకున్న సార్. నోరు రాలే."

అతను ఫారం మీది మొదటి గడి చూపించాడు. పూజ అందులో టిక్కు పెట్టే ముందు ఆ పేజీ మొత్తం, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా చదివింది. షట్టర్ సగం దిగేసరికి సంతకాలు అయిపోయాయి. ఎల్లుండికల్లా ఫీజు చెక్కు సిద్ధం చేస్తానని చెప్పి అతను వెనక తలుపు నుంచి బయటికి వెళ్లాడు.

రోడ్డు మీదికి వచ్చాక గానీ ఇంటికి అరవై కిలోమీటర్లు ఉందన్న సంగతి గుర్తుకు రాలేదు. బస్సు లేదు. చేతిలో ముప్పై రూపాయలున్నాయి. అండాలు గూడూరు దిక్కు మనిషి. తెలిసినవాళ్ల ఆటోలో పూజను ఇరికించుకుంది. దారిలో రెండుసార్లు ఆటోను ఆపారు. రెండోసారి టైర్లు మండుతున్నాయి, చక్రాల గాలి తీస్తామన్నారు. అండాలు తల బయటపెట్టి "నేనూ జై తెలంగాణే బిడ్డా, కాళ్ల నొప్పులు జై తెలంగాణ" అనేసరికి వదిలేశారు. గూడూరులో దిగేటప్పుడు తన సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి పూజ చేతిలో పెట్టింది. "ఇంటికెట్ల పోతవ్ బిడ్డా? ఈ రాత్రికి మా ఇంట్ల పండుకో" అంది.

అప్పుడే పూజ చూసింది. కొత్తగూడ రోడ్డు మొదట్లో, మూసి ఉన్న పంక్చర్ కొట్టు అరుగు మీద హీర్యా కూర్చుని ఉన్నాడు. పక్కన బండి. ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో, చుట్టూ బీడీ ముక్కలు పడి ఉన్నాయి.

ఆమెను చూసి లేచాడు. బండి తీశాడు. పూజ వెనక కూర్చుంది. అడవి మొదలైంది.

"గంతమంది ముంగట అన్నవ్" అన్నాడు హీర్యా, తల తిప్పకుండా.

"ఇంట్ల చెప్తే ఇంటుంటివా పెద్దబాపు?"

బండి ఒక గుంతలో పడి లేచింది. తర్వాత ఒక మలుపు, మరొక మలుపు.

"ఇనకపోతుంటి" అన్నాడు.

తండా చేరేసరికి పొద్దు వాలింది. హీర్యా ఆమెను లచ్చి గుమ్మం ముందు దించి, ఇంట్లోకి తొంగి చూడకుండానే వెళ్లిపోయాడు.

ఫీజు శుక్రవారం కట్టింది పూజ. తల్లిని వెంటబెట్టుకుని మానుకోట పోయి చెక్కు తీసుకుని, పాలకుర్తి దాకా లారీలో, అక్కడి నుంచి జనగామకు ఆటోలో పోయింది. ట్రాక్టర్ బేరం తప్పిపోయింది. బయానాలో సగమే వెనక్కి వచ్చింది. మిగతా సగం పోయినందుకు హీర్యా భార్య సక్రి తండా అంతా వినేలా ఏడ్చింది. ఆ సగం నేనిస్తానని పూజ కబురు పెడితే హీర్యా తీసుకోలేదు. సమ్మె ఆగిపోయి, బస్సులు తిరిగి, చలికాలం గడిచినా అతను ఆమెతో మాట్లాడలేదు. సెలవులకు వచ్చినప్పుడు ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు. పూజ ప్రతిసారీ "పెద్దబాపు, మంచిగున్నవా" అని అతని వీపుకు చెప్పి ఇంటికి వచ్చేది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అతనే వచ్చాడు. మిరపతోటలో మందు కొట్టి వచ్చి కళ్లు మండుతున్నాయట. గుమ్మం బయటే నిలబడి లచ్చితో, "నీ బిడ్డ ఉన్నదా? నర్సు సదువుతున్నది గదా, జర సూడుమను" అన్నాడు.

పూజ చెంబుతో నీళ్లు తెచ్చి అతన్ని మంచం మీద కూర్చోబెట్టింది. తల వెనక్కి వంచి, కళ్లు తెరిచి ఉంచమని చెప్పి, సన్నటి ధారగా నీళ్లు పోసింది. అతను ఎటు తిప్పమంటే అటు తల తిప్పాడు.